బరువు వల్ల కాదు

ఆ ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచీ మా షోరూములో ఫోను మోగుతూనే ఉంది. కొత్త బండి కావాలని మాత్రం ఒక్కరూ చెయ్యడం లేదు. "మీరమ్మిన బండిలో పిల్లల్ని బడికి తీసుకెళ్ళొచ్చా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పు మినాకో" అని నిలదీసేవాళ్ళు కొందరు. "చక్రం ఊడిపడితే నువ్వొచ్చి మొయ్యి" అని కేకలేసేవాళ్ళు కొందరు. ఇంకొందరు నేను షోరూము పేరు చెప్పి "కువబారా ఆటో అండీ" అనగానే కాసేపు మాట్లాడకుండా ఉండి పెట్టేసేవాళ్ళు. నాకు వాళ్ళంటేనే ఎక్కువ భయం.

రేవు దగ్గర్నుంచి కొండ కింద పల్లెల దాకా కజామా కంపెనీ కార్లు, వ్యాన్లు అమ్మేది మేమొక్కళ్ళమే. మా మామగారు తొకుజో గారు మెకానిక్కుగా మొదలుపెట్టి, చిన్న షెడ్డు వేసుకుని, చివరికి అద్దాల షోరూము దాకా వచ్చారు. ఊళ్ళో ఎవరూ "కజామా కొన్నాను" అనరు, "తొకుజో దగ్గర కొన్నాను" అంటారు. నా మొగుడు ర్యోజి బండ్ల పనీ చూస్తాడు, అమ్మకాలూ చూస్తాడు. నేను పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ కౌంటరు దగ్గరే. అత్తగారు లేరు. మా ముగ్గురి ఇల్లు షోరూము మేడ మీదే.

వసంతంలో పేపర్లు గుట్టు బయటపెట్టాయి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే హబ్బు పగిలిపోతోందని కజామా కంపెనీకి ఏళ్ళ తరబడి తెలుసు. వచ్చిన ఫిర్యాదుల్ని ప్రభుత్వానికి చూపకుండా దాచేసింది. పాత అధ్యక్షుడు టీవీలో వంగి క్షమించమని అడిగి పదవి వదిలేశాడు. కొత్తాయన వచ్చి "మళ్ళీ మొదటి నుంచి" అన్నాడు. ఉన్న బండ్లన్నిటికీ హబ్బులు ఊరికే మారుస్తాం, బండి ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి క్షమాపణ చెప్తాం, ఆకులు రాలే కాలానికి కొత్త బండి తెస్తాం అన్నాడు. ఆ కొత్త బండి మీదే కంపెనీ ప్రాణం నిలబడి ఉంది. మాదీ అంతే.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "మా డీలర్లకు ఏమీ తెలియదు. వాళ్ళూ మీలాగే మోసపోయారు." ర్యోజి ఆ పేపరు ముక్క కత్తిరించి షోరూము అద్దం మీద అంటించాడు.

మామగారు పొద్దున్నే అద్దాలు తుడవడానికి వచ్చి దాని ముందు ఆగిపోయారు.

"తీసెయ్యి" అన్నారు.

"ఎందుకు నాన్నా? మన మంచికే కదా అన్నది."

"అద్దం మీద కాగితాలు అంటిస్తే లోపల చీకటిగా ఉంటుంది."

బయట ఎలాగూ వాన చీకటే. ర్యోజి నా వైపు చూసి భుజాలెగరేశాడు. మామగారు దాన్ని గోటితో గీకి గీకి తీశారు. జిగురు పోయేదాకా ఆ ఒక్కచోటే తుడుస్తూ ఉండిపోయారు.

ఇంటింటికీ వెళ్ళే పని మామగారూ నేనూ తీసుకున్నాం. కంటి ఆపరేషను అయ్యాక ఆయన నడపడం మానేశారు కాబట్టి స్టీరింగు నాది. వెనక సీటు నిండా మిఠాయి డబ్బాలు. గుమ్మం ముందు గొడుగు మూసి, తడుస్తూనే వంగేవారాయన. డెబ్బై దాటిన మనిషి, అంత కిందికి వంగితే మళ్ళీ లేవగలడా అని ప్రతి ఇంటి దగ్గరా చెయ్యందించడానికి సిద్ధంగా నిలబడేదాన్ని.

మంగలి షాపతను మమ్మల్ని చూసి కత్తి గాల్లోనే ఆపాడు.

"రావయ్యా తొకుజో! తల గొరిగించుకోడానికా, తల వంచడానికా?"

"వంచడానికే."

"అయితే నా పనీ సులువే, కూర్చో."

కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మామగారు నవ్వలేదు. చెప్పాల్సిన మాటలన్నీ ఒక్కటి కూడా తప్పకుండా చెప్పి వంగారు. దాంతో నవ్వులు ఆగిపోయాయి. మంగలి కత్తి పక్కన పెట్టి, ఆయన భుజం పట్టుకుని లేపాడు.

"లే లే. నువ్వేం చేస్తావు? పెద్ద పెద్దవాళ్ళు చేసిన వెధవ పని. పాపం, నీకేం తెలుసు?"

చేపల కొట్టు ముసలమ్మ ఇంకాస్త ఘాటుగా అంది. "మీ కంపెనీ పెద్దాయన టీవీలో వంగడం చూశాన్లే. మా ఆయన పోయిన రోజు నేను కూడా అంతసేపు వంగలేదు. ఇంతకీ ఈ మిఠాయి ఏంటి? మెత్తగా ఉంటుందా? నాకు పళ్ళు లేవు." డబ్బా తీసుకుని, బదులుగా తను ఊరబెట్టిన చిట్టి వంకాయలు ఒక సంచిలో పోసి ఇచ్చింది. "మేం నమ్మింది నిన్ను, కజామాని కాదు. నీకేం తెలుసు, పాపం" అని ఆమె కూడా అంది.

అందరూ అదే మాట. తిట్టినవాళ్ళూ అదే, తిట్టనివాళ్ళూ అదే. తిడితే మామగారు బాగానే ఉండేవారు. "పాపం, నీకేం తెలుసు" అన్నారా, కారెక్కాక ఆయన చేతులు ఒక్కచోట ఉండేవి కావు. ముందున్న అర తెరవడం, వెయ్యడం. కిటికీ దించడం, వాన జల్లు మొహాన కొట్టాక ఎత్తడం. సీటు బెల్టు పెట్టుకున్నారో లేదో మళ్ళీ మళ్ళీ తడుముకోవడం. నాకూ అది అంటుకుంది. సిగ్నలు దగ్గర ఆగితే చాలు, సరిగ్గానే ఉన్న అద్దాన్ని మళ్ళీ సరిచేసేదాన్ని.

రేవు అయిపోయింది, స్టేషను వైపు అయిపోయింది, కొండ పల్లెలూ అయిపోయాయి. ఇసుక దిబ్బల మీద ఖర్బూజా తోటల వైపు మాత్రం మేం వెళ్ళలేదు. "రేపు" అనేవారు. మర్నాడు అడిగితే "తోటల్లో కోత టైము, వాళ్ళని కదిలించకూడదు" అనేవారు.

అలా ఉండగా కజామా ప్రాంతీయ ఆఫీసు నుంచి షిమొమురా వచ్చాడు. ముప్పై దాటని కుర్రవాడు, ఎప్పుడు చూసినా నిద్ర చాలని మొహం. మా ముందు కూడా వంగి వంగి అతని నడుము అరిగిపోయి ఉంటుంది.

"తొకుజో గారూ, ఈ ప్రాంతం మొత్తంలో హబ్బు మార్పుకి బండ్లు మీ దగ్గరికే ఎక్కువ వచ్చాయండీ. తెమ్మని అడగ్గానే జనం తెచ్చేశారు. మీ మీద నమ్మకం అలాంటిది. కొత్త అధ్యక్షుడు గారి దాకా వెళ్ళిందీ మాట." కాస్త ముందుకి జరిగాడు. "కొత్త బండితో పాటు పేపర్లలోనూ టీవీలోనూ ప్రకటన వస్తుందండీ. సినిమా వాళ్ళెవరూ ఉండరు. డీలరు మొహం ఒక్కటే. మీ మొహం."

ర్యోజి టీ కప్పు కింద పెట్టి తండ్రి వైపు తిరిగాడు.

"నేను మాట్లాడలేను బాబూ" అన్నారు మామగారు.

"మాట్లాడక్కర్లేదండీ. రేవులో సముద్రం వైపు నిలబడి కెమెరా వైపు తిరిగితే చాలు. కింద అక్షరాలు మేం వేసుకుంటాం."

"ఏమని?"

"'ఈయనకు మేం మళ్ళీ జవాబుదారీ' అని. అలాంటిదేదో అండీ. ఇంకా ఖాయం కాలేదు."

మామగారు ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. షిమొమురా వెళ్ళేముందు ర్యోజిని పక్కకి పిలిచి, శరదృతువులో చాలా షోరూములు మూతపడతాయని, ప్రకటనలో ఉన్న షోరూముని మూయడం ఎవరి వల్లా కాదని చెప్పి వెళ్ళాడు. ర్యోజి ఆ పూట ఈల వేసుకుంటూ పని చేశాడు. వసంతం తర్వాత ఆయన ఈల నేను వినడం అదే మొదటిసారి.

రెండ్రోజుల తర్వాత మామగారూ నేనూ పట్నం నుంచి వస్తున్నాం. రైలు గేటు పడింది. వాన ఆగింది కానీ మబ్బు అలాగే ఉంది. గంట మోగుతోంది, రైలు జాడ లేదు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"మామయ్యగారూ, ఇగరాషి వాళ్ళింటికి ఎందుకు వెళ్ళడం లేదు మనం?"

ఆయన సీటు బెల్టు తడుముకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

ఇగరాషి గారిది దిబ్బల మీద ఖర్బూజా తోట. ఐదేళ్ళ కిందట మార్కెట్టుకి కాయలు తీసుకెళ్తుంటే వాళ్ళ వ్యాను దిగుడులో అదుపు తప్పి కాలవలో పడింది. ఆయనకి దెబ్బలు తగిలాయి కానీ పక్కన కూర్చున్న ఆయన భార్య ఫుమి గారికి కుడి కాలు పోయినట్టే అయింది. కొట్టుకి వస్తే కర్రతో వస్తుంది. ఆయన వెనకాలే సంచి మోసుకుంటూ, ఆమె ఏది ముట్టుకుంటే అది బుట్టలో వేస్తూ నడుస్తాడు. అందరికీ తెలిసిన కథే. బరువు ఎక్కువేసి తనే ముంచుకున్నాడని ఊరంతా అనుకుంది, ఆయనతో సహా.

"నాకు తెలుసు మినాకో" అన్నారు మామగారు.

"ఏం తెలుసు?"

"హబ్బు సంగతి. అందరూ పాపం నీకేం తెలుసు అంటున్నారే, అది. ఆరేళ్ళ కిందట కంపెనీ వాడొకడు వచ్చి, కాగితం ముక్క లేకుండా, నోటితో చెప్పి వెళ్ళాడు. తనిఖీకి వచ్చిన బండికల్లా హబ్బు మార్చెయ్యండి, బిల్లు వెయ్యొద్దు, బండివాడికి చెప్పొద్దు అని. మార్చేశాను. మంచిదే కదా, ఎవరికీ ఏమీ కాదు కదా అనుకున్నాను."

గంట మోగుతూనే ఉంది.

"ఇగరాషి వ్యాను వచ్చిన వారం హబ్బులు అయిపోయాయి. ఆగు, రేపొస్తాయి అని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పకూడదాయె. మళ్ళీ తనిఖీకి వచ్చినప్పుడు చూద్దాంలే అని తాళాలు ఇచ్చేశాను."

"మరి... ప్రమాదం జరిగాక?"

"కంపెనీ ఇంజనీరు వచ్చాడు. విరిగిన ముక్క చూశాడు, నేనూ చూశాను. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. 'పెట్టెలు ఎక్కువేశారండీ, ఆ బరువుకి ఏ బండైనా ఇంతే' అన్నాడు. ఇగరాషి నా వైపు తిరిగి 'అంతేనా తొకుజో?' అని అడిగాడు. నా మాటైతే నమ్ముతాడు కదా. 'అంతే' అన్నాను."

రైలు వచ్చింది. ఖాళీ పెట్టెలు ఊగుకుంటూ పోయాయి. గేటు లేచింది. వెనక బండివాడు హారను కొట్టేదాకా నేను కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం దగ్గర మామగారు ఆ మాటే ర్యోజికి చెప్పి, "నేను ఇగరాషికి చెప్పేస్తాను" అన్నారు. ర్యోజికి హబ్బుల సంగతి కొత్తేం కాదని నాకు అప్పుడు తెలిసింది. తండ్రి చెప్తే విప్పి మార్చింది ఆయన చేతులే. కాకపోతే ఇగరాషి వ్యానులో హబ్బు మారలేదని ర్యోజికి తెలియదు. గిన్నె కింద పెట్టేశాడు.

"చెప్తే ఆవిడ లేచి నడుస్తుందా నాన్నా?"

"నడవదు."

"మరెందుకు? నీ మనసు తేలికవడానికా?"

"ఏమో రా. కావచ్చు."

"నీ మనసు తేలికవడానికి మేమంతా మునగాలా? లోపల ఇద్దరు మెకానిక్కులున్నారు, వాళ్ళకి పిల్లలున్నారు. డీలర్లకు తెలియదని కంపెనీ దేశమంతా చెప్పింది. నువ్వెళ్ళి తెలుసు అంటే, ఇప్పుడిప్పుడే లేస్తున్నవాణ్ణి కాళ్ళు పట్టి లాగినట్టే. ఒక్క కజామానే కాదు, నేనూ దొంగనే అవుతాను. నన్ను అడిగావా అప్పుడు? మార్చమన్నావు, మార్చాను. ఇప్పుడూ అడక్కుండానే చెప్పేస్తావా?"

"అందుకే నీతో చెప్తున్నా కదా."

"చెప్పడమే, అడగడం కాదు!" కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మినాకో, నువ్వైనా చెప్పు."

నేను ఏం చెప్పను? ర్యోజి మాటల్లో తప్పు పట్టుకోవడానికి నాకు ఏదీ దొరకలేదు. మామగారి మాటల్లోనూ దొరకలేదు. మిసో పులుసు చల్లారిపోతోందని మాత్రం అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఒకచోట కూర్చోలేదు. మామగారు తుడిచిన నేలే తుడిచేవారు. ర్యోజి ఇనుప పానాలన్నీ పెట్టెలోంచి తీసి సర్ది, మళ్ళీ తీసేవాడు. నేను మోగని ఫోను ఎత్తి చూసేదాన్ని. కెమెరా వాళ్ళు వచ్చే రోజు ఖాయమైంది. మామగారు వద్దనలేదు. ఇగరాషి మాట మళ్ళీ ఎత్తలేదు. కొడుకు మాట నెగ్గిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఒక పక్క ఊపిరి కూడా పీల్చుకున్నాను.

ఆ రోజు వానలు వెనక్కి తగ్గి ఎండ కాసింది. ర్యోజి ముందే రేవుకి వెళ్ళిపోయాడు, కెమెరా వాళ్ళకి చోటు చూపించడానికి. మామగారు నల్ల సూటు వేసుకున్నారు, అత్తగారి చావుకి కుట్టించింది. మెడ దగ్గర వదులైపోయింది. కారెక్కి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. ఆ వేళ దేన్నీ తడమలేదు. వాన రోజుల్లో కదులుతూ ఉన్న మనిషే నయమనిపించింది.

రేవుకి ఎడమకి తిరగాలి. సిగ్నలు పడింది. ఎడమ వైపు లైటు వేశాను కూడా. టిక్కు టిక్కుమంటోంది. కుడి పక్క దిబ్బల వైపు నుంచి ఒక చిన్న ట్రక్కు ఖర్బూజా పెట్టెలు వేసుకుని వస్తోంది. పచ్చ లైటు పడగానే కుడి వైపు లైటు వేసి తిప్పేశాను.

మామగారు అడగలేదు. కాసేపయ్యాక కిటికీ కొంచెం దించారు. ఇసుక వాసన, పండిన కాయల వాసన లోపలికొచ్చాయి.

ఇగరాషి గారు షెడ్డులో కాయలు తూకం చూసి పెట్టెల్లో సర్దుతున్నారు. ఫుమి గారు ఎత్తు పీట మీద కూర్చుని, తొడిమెలు కత్తిరించి, గుడ్డతో తుడిచి అందిస్తోంది. మమ్మల్ని చూడగానే ఆయన మొహం విప్పారింది.

"రావయ్యా! మా వంతు ఎప్పుడొస్తుందా అనుకుంటున్నాం. సూటు కూడానా! మాకిప్పుడు కజామా లేదుగా, మాకెందుకు క్షమాపణ?" ఒక కాయ కోయబోయారు. "ముందు ఇది తిను."

మామగారు షెడ్డు గుమ్మంలో ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. రెండు అరచేతులూ నేలకి ఆనించారు.

"కంపెనీ తరఫున కాదు. నా తరఫున" అన్నారు.

రైలు గేటు దగ్గర నాకు చెప్పిన వరసలోనే చెప్పారు. తనకి అనుకూలంగా ఒక్క మాట కలపలేదు. ఇంజనీరు మీదకి తొయ్యలేదు. "నువ్వు నన్నడిగావు, అంతేనా అని. నేను అంతే అన్నాను. అబద్ధం."

ఇగరాషి గారి చేతిలో చాకు అలాగే ఉంది.

"మరి ఆ రోజు పెట్టెలు... రోజూ వేసేదానికంటే ఎక్కువే వేశాను. పండగ బేరం. తను వద్దంది. నేనే ఇంకో వరస పేర్చాను."

"బరువు వల్ల కాదు."

"వేశానయ్యా నేను, నా చేతుల్తో!"

"వేశావు. కానీ బరువు వల్ల కాదు. ఖాళీగా వెళ్ళినా విరిగేది. ఆ వారం కాకపోతే పై వారం."

"బరువు వల్ల కాదు" అన్నారు ఇగరాషి గారు. ఎవరితోనూ కాదు, కాయ వైపు చూసి. చాకు జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. ఇంకా ఏదో అడగబోయి, అడక్కుండా మమ్మల్ని దాటుకుని తోటలోకి వెళ్ళిపోయారు. తీగల మధ్య చాలా దూరం పోయి, మాకు వీపు చేసి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. నేను చూపు తిప్పుకున్నాను.

ఫుమి గారు మాత్రం చూస్తూనే ఉంది. ఆవిడకి ఏడుపు రాలేదు.

"కాలు పోయింది సరే" అంది. "అది అలవాటైంది. మా ఆయన ఎలాంటి మనిషో నీకు తెలుసుగా తొకుజో? పులుసులో ఉప్పెక్కువైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. నేనూ తక్కువ దాన్నా? రోజూ జగడమే. కాలవలో పడ్డ రోజు నుంచీ ఒక్క మాట అనలేదు నన్ను. నేనేం వండితే అది తిన్నాడు. ఏమంటే దానికి సరే అన్నాడు. చచ్చిపోయినవాడితో కాపురం చేసినట్టుంది నాకు." గుడ్డ విదిలించింది. "ఈ ఐదేళ్ళు ఎవరిస్తారు నాకు? నువ్వా? మీ కజామానా?"

మామగారు తల ఎత్తలేదు.

"లే. మోకాళ్ళు పట్టేస్తాయి. నిన్ను లేపడానికి ఇక్కడ కాళ్ళున్నవాళ్ళు ఎవరూ లేరు" అంది. "వెళ్ళండి."

మిఠాయి డబ్బా కారులోనే ఉండిపోయింది.

రేవులో కెమెరా వాళ్ళు చూసి చూసి సర్దుకుని వెళ్ళిపోయారు. ర్యోజి ఒక్కడే రాతి గట్టు మీద నిలబడి ఉన్నాడు. మామగారి సూటు మోకాళ్ళకి అంటిన ఇసుక చూశాడు. నన్ను అడిగాడు.

"తనే వెళ్దామన్నాడా?"

"లేదు. నేనే తిప్పాను."

తండ్రితో పోట్లాడినట్టు నాతో పోట్లాడతాడనుకున్నాను. పోట్లాడలేదు. మేం వచ్చిన కారెక్కకుండా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రమే మామగారు షిమొమురాకి ఫోను చేసి రమ్మన్నారు. అంతా విన్నాక అతను టై వదులు చేసుకున్నాడు. "ఇది నేను వినలేదనుకోవచ్చండీ" అన్నాడు మెల్లగా.

"వద్దు. విను."

"పైకి చెప్తాను. కానీ ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదండీ."

"ఇప్పుడేమైనా ఉందా?" అన్నారు మామగారు. ఇద్దరూ పైకే నవ్వేశారు. ర్యోజి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

పై వారం పేపరువాళ్ళు వచ్చినప్పుడూ మామగారు అదే చెప్పారు. ఊరు రెండుగా చీలింది. మంగలి షాపతను మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. "తెలిసీ మా పిల్లల్ని ఎక్కించావా" అని ఒకామె షోరూము గుమ్మంలో గట్టిగా అడిగింది. మామగారు "ఎక్కించాను" అన్నారు. ఇంకో జిల్లాలో ఇంకో డీలరు నోరు విప్పాడు. తర్వాత మరికొందరు. కొత్త అధ్యక్షుడు రెండోసారి టీవీలో వంగాడు. డీలర్లకు మేమే చెప్పాం, దాచమన్నదీ మేమే అన్నాడు. ఇక కజామా పని అయిపోయిందన్నారంతా. కాలేదు. ఆ రెండో వంగడంతోనే లేచింది కంపెనీ. చెప్పకుండా మార్చిన బండ్లన్నిటినీ పిలిచి మళ్ళీ చూశారు. కొత్త బండి ఆలస్యంగా వచ్చినా మంచి బండే వచ్చింది, అబద్ధమెందుకు. ఇప్పుడు మా వీధిలోనే నాలుగు తిరుగుతున్నాయి.

మా బోర్డు మాత్రం ఆ శరదృతువులోనే దిగింది. శిక్ష కాదట, షోరూములు తగ్గించుకునే పనిలో భాగమట. క్రేనుతో కజామా పేరు దించుతుంటే మామగారు కింద నిలబడి "జాగ్రత్త, ఎడమ వైపు మేకు బలహీనం" అని చెప్తూ ఉన్నారు. ఒక మెకానిక్కు వెళ్ళిపోయాడు, ఒకడు ఉండిపోయాడు. ఏ కంపెనీ బండైనా బాగుచేస్తాం అని చేత్తో రాసి తలుపుకి తగిలించాం. ర్యోజి పట్నంలో కజామా వాళ్ళ సొంత షోరూములో ఉద్యోగానికి కుదిరాడు. పొద్దున్నే రైలెక్కి వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. నాతో అవసరమైనవి మాట్లాడేవాడు. తండ్రితో అవీ లేవు. అన్నం దగ్గర ఉప్పు కావాలన్నా నన్నే అడిగేవాడు, ఉప్పు మామగారి ముందే ఉన్నా. ఆ కూడలిలో తిప్పకుండా ఉండాల్సిందా అని ఉప్పు అందించినప్పుడల్లా అనుకునేదాన్ని.

సముద్రం మీంచి చలిగాలి మొదలైన ఒక ఆదివారం, బస్సు మా షెడ్డు ముందు ఆగింది. ఫుమి గారు కర్ర ముందు దించి, తర్వాత తను దిగింది. ఒక్కతే.

మామగారు చేతిలో పని వదిలేసి తల వంచారు. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

"ఎడమ కాలితో తొక్కి నడిపేట్టు బండి మారుస్తారటగా. నాకొకటి కావాలి. పాతదైనా ఫర్వాలేదు. కజామా తప్ప ఏదైనా సరే."

"ఇగరాషి గారికి తెలుసాండీ?" అన్నాను.

"తెలుసు. పొద్దున దాని మీదే జగడం. నువ్వు నడపలేవు, ఎవడినో గుద్దుతావు అన్నాడు. మొదట నిన్నే గుద్దుతా అన్నాను. తలుపు ధడేలుమని వేసి పోయాడు, గడియ ఊడొచ్చింది." కర్ర రెండో చేతికి మార్చుకుని, "ఇంకా మీ పేరెత్తితే ఇంట్లో అన్నం తినడు. అందుకే బస్సులో వచ్చాను" అంది.

మామగారు చేతులు గుడ్డకి తుడుచుకున్నారు. "పట్నంలో మంచి చోట్లున్నాయమ్మా. నేను చెప్పించి పెడతాను. మా దగ్గరే ఎందుకు?"

"పట్నంవాడు మంచివాడో కాదో నాకేం తెలుసు? మీరేం చెయ్యగలరో నాకు తెలుసు." కర్ర నేలకి తాటించింది. "ఒక్కటే మాట. విప్పే ప్రతిదీ, బిగించే ప్రతిదీ నాకు చూపించాలి. నాకు అర్థం కాకపోయినా చూపించాలి."

"నా కళ్ళు ఇదివరకటిలా లేవు" అన్నారు మామగారు.

"నేను చేస్తాను."

ర్యోజి మెట్ల మీద ఉన్నాడు. ఎప్పుడు దిగి వచ్చాడో చూసుకోలేదు. చొక్కా చేతులు మడుస్తూ వచ్చాడు. ఫుమి గారు ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"అప్పట్లో చెప్పకుండా మార్చింది నువ్వే కదూ?"

"నేనేనండీ."

"ఎన్ని మార్చావు?"

"లెక్క పెట్టలేదండీ."

ఆవిడ తలాడించింది. ఆ జవాబు నచ్చిందో, నచ్చలేదో.

బండి దొరకడానికి రెండు వారాలు పట్టింది, ఇంకెవరో వాడి వదిలేసిన నీలం రంగుది. మళ్ళీ ఆదివారం ఆవిడ బస్సులోనే వచ్చింది. షెడ్డు మధ్యలో కుర్చీ వేశాం. ర్యోజి బండి కింద పడుకుని, విప్పిన ప్రతి బోల్టూ ఆవిడ ఒళ్ళోని పళ్ళెంలో వేశాడు. బిగించే ముందు ప్రతి ముక్కా ఎత్తి చూపించాడు. "ఇది పాతదండీ, తీసేస్తున్నాను. ఇది కొత్తది. ఇది కుడి పెడలుకి అడ్డం పడే రేకు, పొరపాటున కాలు పడినా తగలదు."

"ఒరేయ్, ఆ పన్నెండో నంబరు ఎక్కడ?" అని కింద నుంచే అన్నాడు, అలవాటుగా మెకానిక్కు అనుకుని. మెకానిక్కుకి ఆ వేళ సెలవు. మామగారు వంగి పానా ఆయన చేతిలో పెట్టారు. ర్యోజి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తీసుకుంది.

"చక్రానికి వేసే ఈ బోల్టు బాగా బిగించకపోతే ఏమవుతుంది?" అని అడిగింది ఫుమి గారు.

ర్యోజి బండి కింద నుంచి బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. ఏమవుతుందో చెప్పాడు. మెత్తగా చెప్పలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎంత వేగంలో ఊడొచ్చు, అప్పుడు బండి ఎటు లాగుతుంది, ఆవిడ ఏం చెయ్యాలి, అంతా.

ఆవిడ మొహం కాస్త పాలిపోయింది. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకి వంగింది.

"మళ్ళీ చెప్పు" అంది.

ర్యోజి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.